రెండు చేతుల బంతి

బరువైన వస్తువు ఎదుటబడినపుడు పసిబిడ్డ రెండు చేతులను చాచును. ఇది ఎవ్వరును నేర్పిన విద్య కాదు. నీటిచెంబును ఎత్తునపుడును, గుమ్మడికాయను దొర్లించునపుడును పసివారు కుడిచేయి, ఎడమచేయి అను భేదము నెంచరు. పెద్దలు దానిని చూచి నవ్వి, "ఇట్లు కాదు, ఇట్లు పట్టవలెను" అని దిద్దుదురు. పెక్కు విద్యలలో ఈ దిద్దుబాటు మేలే చేయును. కాని ఒక్కొక్కప్పుడు పెద్దలు తప్పని దిద్దబోయినదే ఒప్పుగా తేలి, ఆ విద్య స్వరూపమునే మార్చివేయును. పదిపిన్నుల బౌలింగు అను ఆటలో గడచిన ఇరువది యేండ్లుగా జరిగిన మార్పు ఇట్టిది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల బాలురకు గోలీలు, బొంగరము, చెడుగుడు చిరపరిచితములు. పదిపిన్నుల బౌలింగును కనులార చూచిన వారు వారిలో అరుదు. హైదరాబాదు వంటి మహానగరముల వినోదశాలలలో ఈ ఆట కలదు. 1978వ సంవత్సరమున బాంకాకు నగరమున జరిగిన ఆసియా క్రీడలలో దీనికి స్థానము లభించెను. చూచుటకు సులభముగా తోచు ఈ ఆటలో గణితమును, పదార్థ విజ్ఞానమును, శరీర శ్రమయు ఒకచోట కలిసియున్నవి. అందు వచ్చిన మార్పును గ్రహింపవలెనన్న మొదట ఆట తీరును తెలిసికొనవలెను.

ఆటకు నున్నని పొడవైన బాట యుండును. ఆటగాడు నిలుచు గీత నుండి మొదటి పిన్ను వరకు దూరము 60 అడుగులు, అనగా సుమారు 18.3 మీటర్లు. వెడల్పు మీటరు కంటె కొంచెము మాత్రమే ఎక్కువ. బాట చివర పది పిన్నులు ముక్కోణాకారమున నాలుగు వరుసలుగా నిలుపబడును. మొదటి వరుసలో ఒకటి, పిమ్మట రెండు, మూడు, నాలుగు. ఒక్కొక్క పిన్ను సీసా ఆకారమున 38 సెంటీమీటర్ల యెత్తుండి, ఒకటిన్నర కిలోగ్రాములకు మించిన బరువు గలిగియుండును. బంతి బరువు 16 పౌనులకు, అనగా సుమారు ఏడుంబావు కిలోగ్రాములకు మించరాదు. గీతను దాటక బంతిని దొర్లించి పిన్నులను పడగొట్టుటయే ఆట. మొదటి బంతికే పదియు పడినచో దానిని స్ట్రైకు అందురు. స్ట్రైకు పొందిన వానికి ఆ పదితోబాటు తరువాతి రెండు బంతులకు పడిన పిన్నుల లెక్కయు కలియును. వరుసగా పండ్రెండు స్ట్రైకులు సాధించిన వానికి 300 అంకములు వచ్చును. అంతకు మించిన లెక్క ఈ ఆటలో లేదు.

పదిపిన్నులను ఒక్క బంతి పడగొట్టుననుట వినుటకు సహజముగా నున్నను, నిజమునకు బంతి అన్ని పిన్నులను తాకదు. చక్కగా వచ్చిన బంతి నాలుగు పిన్నులనే తాకును. కుడిచేతి ఆటగాని బంతి మొదటి పిన్నునకును, దాని వెనుక కుడివైపున నున్న మూడవ పిన్నునకును నడుమ దూరి, ఆ రెంటిని పడద్రోసి, అయిదవ పిన్నును, తుదకు తొమ్మిదవ పిన్నును కొట్టి పోవును. తక్కిన ఆరింటిని పడగొట్టునవి పిన్నులే. మొదటిది రెండవదానిని, రెండవది నాలుగవదానిని, నాలుగవది ఏడవదానిని త్రోయును. మూడవది ఆరవదానిని, ఆరవది పదవదానిని కూల్చును. అయిదవది ఎనిమిదవదానిపై పడును. ఒక్కచోట ఈ గొలుసు తెగినను ఒకటి రెండు పిన్నులు నిలిచియుండును.

ఈ గొలుసు తెగుటకు ముఖ్యకారణము బంతి ప్రక్కకు తొలగుట. మొదటి పిన్నును తాకగానే బంతి కొంత కుడివైపునకు నెట్టబడును. తిన్నగా వచ్చిన బంతి ఇట్లు నెట్టబడినపుడు అయిదవ పిన్నును చక్కగా తాకజాలదు. ప్రక్కనుండి వంపు తిరిగి లోనికి చొచ్చుకొని వచ్చు బంతి ఈ నెట్టుడును తట్టుకొని తన దారిని సాగిపోవును. పిన్నుల నడుమకు బంతి చొచ్చు కోణము ఆరు డిగ్రీల ప్రాంతమున నున్నచో స్ట్రైకునకు మిక్కిలి అనుకూలమని అమెరికా బౌలింగు కాంగ్రెసు పరిశోధకులు తేల్చిరి.

ఆరు డిగ్రీలు అల్పముగా తోచవచ్చును. కాని బాట కొలతలను బట్టి విద్యార్థులు కాగితముపై గీచి చూచినచో దాని కష్టము తెలియును. బాట అంచు నుండి నడిమి వరకు దూరము సుమారు 53 సెంటీమీటర్లు. పొడవు 18 మీటర్ల పైచిలుకు. ఒక అంచున బంతిని వదలి నడుమనున్న మొదటి పిన్ను దిక్కుగా సరళరేఖలో పంపినను ఆ కోణము రెండు డిగ్రీలైనను నిండదు. కావున తిన్నగా విసరు వానికి ఆరు డిగ్రీలు అసాధ్యము. బంతి కొంతదూరము ఒకవైపునకు పోయి, పిమ్మట వంపు తిరిగి వచ్చినపుడే అది సాధ్యము. ఆ వంపు పుట్టుటకు బంతి కేవలము ముందునకు దొర్లక ప్రక్కవాటుగా తిరుగుచుండవలెను.

ఇందొక చిత్రమున్నది. బౌలింగు బాట మొదటి భాగమున కంటికి కనబడని పలుచని నూనెపూత యుండును. చివరి భాగము పొడిగా నుండును. కడప జిల్లాలో ఇండ్లకు నాపబండలు పరచుట ఆచారము. అట్టి బండపై వేరుసెనగనూనె ఒలికినచో నడచువాని కాలు జారును. పొడిబండపై అదే కాలు నిలుచును. బౌలింగు బంతి స్థితియు ఇట్టిదే. నూనెపై అది తిరుగుచునే జారుచు పోవును; తిరుగుడు వృథాగానే యున్నట్లు తోచును. పొడినేల తగిలినంతనే ఘర్షణ పట్టుకొనును. బురదలో దిగిన ట్రాక్టరు చక్రము ఉన్నచోటనే గిర్రున తిరిగి, గట్టినేల దొరికినంతనే ఒక్క ఊపున బయటికి దూకునట్లు, బంతి తన తిరుగుడు దిక్కునకు వంగి పిన్నులపైకి వచ్చును. ఎంత ఎక్కువగా తిరిగిన బంతి అంత గట్టిగా వంగును. గీత నుండి పిన్నుల వరకు బంతి పయనము సుమారు రెండున్నర సెకనులు మాత్రమే. ఆ కొలదికాలములో జరుగవలసినదంతయు ఆటగాడు బంతిని వదలు క్షణముననే నిర్ణయమగును.

చిరకాలముగా ఈ ఆట ఒంటిచేతి ఆట. బంతికి మూడు రంధ్రములుండును. బొటనవ్రేలిని, నడిమివ్రేలిని, ఉంగరపువ్రేలిని అందు దూర్చి, చేతిని గడియారపు లోలకమువలె వెనుకకును ముందునకును తిన్నగా ఊపి బంతిని వదలుదురు. వదలునపుడు మొదట బొటనవ్రేలు బయటికి వచ్చును; మరుక్షణమున తక్కిన రెండు వ్రేళ్ళు బంతిని మీదికి ఎత్తి త్రిప్పును. చూచుటకు ఇది మిక్కిలి సొంపైన విధానము. కాని ఇందొక నిర్బంధము కలదు. ఏడు కిలోగ్రాముల బరువును ఒక్కచేయి మోయవలసియున్నందున ముంజేతిని లోనికి వంచి బంతి క్రింద అరచేతిని నిలుపుట సామాన్యులకు కష్టము. బొటనవ్రేలు సకాలమున విడివడనిచో తిరుగుడు తగ్గును.

రెండుచేతుల విధానమున బొటనవ్రేలు రంధ్రములోనికి పోదు. కుడిచేతి వాడైనచో కుడిచేతి రెండు వ్రేళ్ళు మాత్రము రంధ్రములలో నుండును. ఎడమ అరచేయి బంతిని ముందువైపున ఆనుకొనియుండును. అందుచేత బంతి జారిపడునను భయము లేదు. కుడి మోచేతిని మడచి, ముంజేతిని లోనికి వంచి, అరచేతిని బంతి క్రిందనే చివరివరకు నిలుపవచ్చును. ఆటగాడు నడుమును బాగుగా వంచి, తుది అడుగునకు ముందు చిన్న దూకువంటి అడుగు వేసి, ఆ వేగముతో గీతవద్దకు జారును. అప్పుడు ఎడమచేయి తొలగును. కుడిచేతి వ్రేళ్ళు బంతి క్రిందినుండి ప్రక్కకు చుట్టివచ్చి దానిని గిర్రున త్రిప్పి వదలును. బొంగరమాడు బాలురు దీనిని తేలికగా గ్రహింపగలరు. తాడు చివరి చుట్టు విడివడు వరకు కొసను బిగువుగా పట్టి లాగిన వాని బొంగరమే ఎక్కువసేపు తిరుగును.

రెండుచేతుల విధానమను పేరు ఒక విధముగా పొరపాటు కలిగించునది. బంతిని మోయునవి రెండు చేతులే గాని, వదలునది మాత్రము ఒక్కచేయే. రెండవచేయి బలమును చేర్చుటకంటె ముఖ్యముగా మొదటి చేతిని సరియైన స్థితిలో నిలుపుటకు తోడ్పడును. దాని ఫలితము లెక్కలలో కనబడుచున్నది. ఒంటిచేత ఆడు నిపుణులలో పలువురి బంతి నిమిషమునకు 300 నుండి 400 చుట్ల వేగముతో తిరుగగా, రెండుచేతుల నిపుణుల బంతి 400 దాటి, కొందరి విషయమున 500 చుట్లను మించును.

ఈ విధానము ఇంత ఆలస్యముగా ఏల ప్రబలినది? అందుకు సమాధానము బంతి చరిత్రలో నున్నది. మొదట బంతులను గట్టికొయ్యతో చేసెడివారు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున రబ్బరు బంతులును, అటుపిమ్మట ప్లాస్టిక్ బంతులును వచ్చెను. ఇవి నున్నగా నుండి నేలను అంతగా పట్టుకొనెడివి కావు. ఎంత త్రిప్పినను వంపు కొంతయే. 1980వ దశకమున యూరిథేను బంతులును, 1990వ దశకమున రెజిను పూతగల క్రొత్త బంతులును వచ్చెను. ఇవి పొడిబాటను జిగురుపట్టినట్లు పట్టుకొనును. అప్పటి నుండి తిరుగుడునకు విలువ హెచ్చినది. సాధనము మారినపుడు దానిని వాడు తీరును మారవలసివచ్చుట సహజమే గదా!

ఆ మార్పును లోకమునకు చూపినవాడు ఆస్ట్రేలియా దేశీయుడైన జేసన్ బెల్మాంటె. ఆయన 1983వ సంవత్సరమున జన్మించెను. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున ఆరెంజి అను చిన్న పట్టణమున ఆయన తల్లిదండ్రులు బౌలింగు శాలను నడపిరి. నడక నేర్చిన కొలదికాలమునకే బాలుడు బంతిపై మనసుపడెను. ఒంటిచేత ఎత్తలేనందున రెండుచేతులతో దొర్లించెను. ఇందు విశేషమేమియు లేదు. పసివారందరును అట్లే చేయుదురు. పెరిగి బలము వచ్చినపిమ్మట తక్కిన బాలురు ఒంటిచేతికి మారిరి. బెల్మాంటె మాత్రము మారలేదు. ఒంటిచేత ఆడుమని హితవు చెప్పినవారు పలువురు. తన విధానమున బంతి చక్కగా వంగుచున్నదని తెలిసిన బాలుడు దానిని విడువలేదు. ఇంచుమించు అదే వయస్సు గల ఆస్కు పాలెర్మా అను ఫిన్లండు ఆటగాడును రెండుచేతులతోనే ఆడి ఐరోపాలో పేరుపొందెను. భూగోళమున చెరియొక కొననున్న ఇరువురు ఒకే విధానమున పైకి వచ్చుట గమనింపదగినది.

అమెరికాలో వృత్తి ఆటగాండ్ర సంఘము 1958వ సంవత్సరమున ఏర్పడినది. దాని పోటీలలో గెలుచుట ఈ ఆటలో మిక్కిలి గొప్ప గౌరవము. 2009వ సంవత్సరమున న్యూయార్కు రాష్ట్రములోని లాంగ్ ఐలండునందు జరిగిన పోటీలో బెల్మాంటె తన మొదటి విజయమును పొందెను. 2013, 2014, 2015 సంవత్సరములలో మాస్టర్స్ పోటీని వరుసగా మూడుమార్లు గెలిచెను. అంతకు ముందెవ్వరును అట్లు గెలిచియుండలేదు. 2019వ సంవత్సరమున పదునొకండవ ప్రధాన విజయమును సాధించి, అంతవరకు పదేసి విజయములతో అగ్రస్థానమున నున్న అర్ల్ ఆంథోనీ, పీట్ వెబర్‌లను దాటెను. 2020వ సంవత్సరమున అమెరికా ఓపెన్ పోటీని గెలుచుటతో అయిదు ప్రధాన పోటీలలో ప్రతిదానిని ఒక్కమారైనను గెలిచినవాడయ్యెను. 2023 నాటికి ఆయన ప్రధాన విజయములు పదునైదు.

ఈ కీర్తి సులభముగా వచ్చినది కాదు. తొలిదినములలో ఆయనను చూచి ఎగతాళి చేసినవారును, ఇది మోసమని తెగడినవారును కలరు. వారి ఆక్షేపణలు ముఖ్యముగా మూడు. రెండుచేతులు వాడుట ఒంటిచేతి వారికి అన్యాయమని మొదటిది. ఇట్లాడువారిని వేరొక తరగతిగా నెంచి వారికి ప్రత్యేకముగా పోటీలు పెట్టవలెనని రెండవది. ఆట సొంపు చెడుచున్నదని మూడవది.

ఈ ఆక్షేపణలను కోపము లేక పరిశీలింపవలెను. బంతిని చేతిబలముతోనే విసరవలెను, యంత్రసాధనము కూడదు, గీతను దాటరాదు అని ఆటనియమములు విధించినవి. ఎన్ని చేతులు వాడవలెనను విధి వానిలో లేదు. ఇక రెండవచేయి అందరికిని కలదు. ఇష్టమున్న ఎవ్వరైనను దానిని వాడుకొనవచ్చును. ఒకనికి మాత్రమే లభించు సౌకర్యము అన్యాయమగును గాని, అందరికిని తెరచియున్న ద్వారము అన్యాయము కానేరదు. సొంపు మాట వేరు. అది చూచువాని అలవాటును బట్టి యుండును. ఒక తరము నవ్విన భంగిమను మరియొక తరము అనుకరించుట క్రీడలలో క్రొత్త కాదు.

నియమములను విధించువారు కన్నులు మూసికొని ఊరకుండిరని తలపరాదు. బంతి నడకను మార్చుటకై పూర్వము కొందరు అదనముగా ఒక సమతూకపు రంధ్రమును తొలిపించుకొనెడివారు. 2020వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీనుండి అమెరికాలో దీనిని నిషేధించిరి. పట్టుకొనుటకు తొలిపిన ప్రతి రంధ్రమును ప్రతి విసరులోను వాడితీరవలెనని నిర్ణయించిరి. దీనిని బట్టి బొటనవ్రేలిని వాడనివాని బంతికి ఆ రంధ్రము ఉండరాదు. ఈ విధి ఒంటిచేతి వారికిని రెండుచేతుల వారికిని సమానమే. విధానమును నిషేధింపక, సాధనమును మాత్రము హద్దులో నుంచిరి. న్యాయనిర్ణయమున ఇది మెచ్చదగిన మార్గము.

తెలుగువారికి ఎరుకైన టెన్నిసు ఆటలోను ఇట్టి కథ జరిగియున్నది. ఎడమవైపునకు వచ్చిన బంతిని కుడిచేతి ఆటగాడు ఒంటిచేతనే కొట్టవలెనని పూర్వుల మతము. 1930వ దశకమున ఆస్ట్రేలియా దేశీయులైన వివియన్ మెక్‌గ్రాత్, జాన్ బ్రామ్‌విచ్ రెండుచేతులతో కొట్టుట చూచి జనులు వింతపడిరి. 1970వ దశకమున జిమ్మీ కానర్స్, క్రిస్ ఎవర్ట్, బ్యోర్న్ బోర్గ్ గెలుపులతో ఆ వింత వాడుకగా మారినది. హైదరాబాదున పెరిగిన సానియా మీర్జా 2015వ సంవత్సరమున మార్టినా హింగిస్‌తో కూడి వింబుల్డన్ మహిళల జంటల పోటీని గెలిచినపుడు, వారిరువురును ఎడమవైపు బంతిని రెండుచేతులతో కొట్టుచుండుటను ఎవ్వరును ఆక్షేపింపలేదు. ఎనుబదియేండ్ల నాటి వింత అప్పటికి పాఠశాలలలో నేర్పు పాఠమైనది.

బౌలింగులోను ఆ దశ వచ్చినది. స్వీడను దేశపు జెస్పర్ స్వెన్సన్ ఎడమచేతి వాడై యుండి రెండుచేతుల విధానమును అవలంబించెను. అమెరికా యువకుడు ఆంథోనీ సైమన్సెన్ 2016వ సంవత్సరమున పందొమ్మిదేండ్ల ప్రాయముననే మాస్టర్స్ పోటీని గెలిచెను. అతడును రెండుచేతుల వాడే. ఇప్పుడు బౌలింగు నేర్పు గురువులు ఒంటిచేతి పాఠముతోబాటు ఈ పాఠమును కూడ చెప్పుచున్నారు.

అయినను ఇది సర్వరోగ నివారిణి కాదు. మిక్కిలి తిరుగు బంతి పొడిబాటపై అవసరమునకు మించి వంగి గురి తప్పును. ఒక మూల ఒంటిగా నిలిచిన పిన్నును కొట్టవలసినపుడు తిన్నని బంతియే మేలు. అందుకై నిపుణులు తక్కువగా వంగు ప్లాస్టిక్ బంతిని వేరుగా ఉంచుకొందురు. నడుమును అంతగా వంచి ఆడుటకు వెన్నునకును మోకాళ్ళకును చాలిన బిగువును సాగుదలయు కావలెను. తగిన వ్యాయామము లేక అనుకరించువారు నొప్పులపాలగుదురు. ఒంటిచేతి విధానము అంతరించినదనుటయు సత్యదూరము. ఒంటిచేత ఆడు ఇ. జె. టాకెట్ అను అమెరికా దేశీయుడు 2023, 2024 సంవత్సరములలో ఆ వృత్తిసంఘమున ఉత్తమ క్రీడాకారుడుగా ఎన్నికయ్యెను. కావున రెండుచేతుల విధానము ఒంటిచేతిని ఓడించినదనుటకంటె, ఆటకు రెండవ దారిని తెరచినదనుట సమంజసము.

బెల్మాంటె చరిత్రను చదివి, పెద్దల మాట వినకుండుటయే గొప్పతనమని ఎవ్వరును భ్రమపడరాదు. ఆయన తన పట్టుదలకు రుజువుగా చూపినది వాదము కాదు. వేలకొలది గంటల అభ్యాసము, కన్నులకు కనబడు ఫలితము. పెద్దలును ఆయనయెడ నేర్చుకొనవలసినది కలదు. ఒక బాలుడు పనిని క్రొత్త తీరున చేయునపుడు మొదట అడుగవలసిన ప్రశ్న "ఇది మన అలవాటేనా?" అనునది కాదు. "ఇది నియమమునకు లోబడియున్నదా? దీనివలన పని చక్కగా నెరవేరుచున్నదా? దీనివలన ఇతరులకు గాని తనకు గాని హాని కలదా?" అనునవి అడుగదగిన ప్రశ్నలు. వీనికి సరియైన జవాబులు దొరికినచో దిద్దబోవు చేయి ఒక్కక్షణము ఆగుట మంచిది.